అగ్నిపర్వత దీవుల పక్షులు, కాంగ్రెస్ పునాదులు: ఏ.ఓ. హ్యూమ్ మరో జీవితం

రాయ్‌పూర్: సిహావా కొండల్లో పుట్టిన మహానది ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని తడుపుతూ, రాయ్‌పూర్‌కు తూర్పుగా ప్రవహించి, ఒడిశా మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ నది ఒక విచిత్రమైన సరిహద్దుకు చివరి మజిలీగా ఉండేది. సింధునది నుంచి మహానది వరకు సుమారు 2,300 మైళ్ల పొడవునా బ్రిటిష్ ప్రభుత్వం ఒక సుంకపు రేఖను ఏర్పాటు చేసింది. పన్ను చెల్లించని ఉప్పును అడ్డుకోవడమే దాని ప్రధానోద్దేశం. ఆ రేఖ వెంబడి తుమ్మ, రేగు, బ్రహ్మజెముడు వంటి మొక్కలతో దట్టమైన ముళ్ల కంచెను చాలా దూరం పెంచారు. దాదాపు 12,000 మంది దానికి కాపలా కాసేవారు. 1867 నుంచి 1870 వరకు ఈ వ్యవస్థకు అధిపతిగా పనిచేసిన అధికారి పేరు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్.

భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకుడిగా హ్యూమ్ పేరు పాఠ్యపుస్తకాల ద్వారా మనకు సుపరిచితం. ఆయన స్థాపించిన సంస్థే 1930లో గాంధీజీ నాయకత్వాన ఉప్పు చట్టాన్ని ధిక్కరించింది. ఒకనాడు ఉప్పుకు కంచె కట్టిన వ్యక్తి, ఆ కంచెను నైతికంగా కూల్చిన సంస్థకు పునాది వేయడం చరిత్రలో అరుదైన మలుపు. అయితే ఈ రెండు ఘట్టాల నడుమ ఆయనకు మరో జీవితం ఉంది. అది పక్షుల కోసం సాగిన జీవితం. బంగాళాఖాతంలోని అగ్నిపర్వత దీవుల దాకా ఆయనను తీసుకువెళ్లింది ఆ జీవితమే.

హ్యూమ్ 1829 జూన్‌లో జన్మించారు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ బ్రిటిష్ పార్లమెంటులో ప్రజాపక్షాన గళమెత్తిన స్కాట్లాండ్ నాయకుడు. హెయిలీబరీ కళాశాలలో చదివి, కొంతకాలం వైద్యవిద్యను కూడా అభ్యసించిన హ్యూమ్ 1849లో బెంగాల్ సివిల్ సర్వీసులో చేరి భారతదేశానికి వచ్చారు. నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో కలెక్టరుగా ఉచిత పాఠశాలలను విస్తృతంగా నెలకొల్పారు. 1857 నాటికి ఆ జిల్లాలో 181 పాఠశాలలు, వాటిలో 5,186 మంది విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడాది తిరుగుబాటులో ఇటావాను విడిచి ఆగ్రాకు వెళ్లవలసి వచ్చింది. అప్పటివరకు ఆయన సేకరించిన పక్షుల నమూనాలన్నీ ఆ అల్లకల్లోలంలోనే నాశనమయ్యాయి. ఆయన మళ్లీ మొదటినుంచి సేకరణ ప్రారంభించారు.

సుంకపు రేఖ ఉద్యోగం ఆయన పక్షి పరిశోధనకు కలిసివచ్చింది. తనిఖీల పేరిట వందల మైళ్లు ప్రయాణించవలసి రావడంతో దారిపొడవునా పక్షులను గమనించి నమోదు చేసే అవకాశం లభించింది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ 1860ల తొలినాళ్లలోనే భారతదేశ పక్షులపై ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించారు. కడప ప్రాంతపు అరుదైన కలివికోడికి ఆంగ్లంలో ఉన్నది ఈ జెర్డాన్ పేరే. అటువంటి పూర్వీకుల కృషిని విస్తరించి, ఉపఖండంలోని పక్షులన్నిటిపై సమగ్ర గ్రంథం రచించాలన్నది హ్యూమ్ సంకల్పం.

ఒక్కరి వల్ల అయ్యే పని కాదని ఆయన త్వరలోనే గ్రహించారు. 1872లో స్ట్రే ఫెదర్స్ అనే పత్రికను స్థాపించారు. రాలిన ఈకలు అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. సైనికాధికారులు, అటవీ ఉద్యోగులు, వైద్యులు, రైల్వే ఇంజినీర్లు తాము చూసిన పక్షుల వివరాలను రాసి పంపేవారు. హ్యూమ్ వాటిని సరిపోల్చి, సందేహాలు అడిగి, సరిదిద్ది ప్రచురించేవారు. దేశం నలుమూలల ఉన్నవారిని ఒక పనికోసం ఉత్తరాల ద్వారా కూడగట్టే నేర్పు ఆయనకు అలవడింది ఇక్కడే.

అప్పటికి హ్యూమ్ వ్యవసాయ, రెవెన్యూ, వాణిజ్య శాఖకు కార్యదర్శి. ఆ శాఖను 1871లో ఏర్పాటు చేసిన వైస్రాయ్ లార్డ్ మేయో 1872 ఫిబ్రవరి 8న పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఖైదీ చేతిలో హతుడయ్యాడు. ఆ తర్వాతి ఏడాది, 1873 మార్చిలో, హ్యూమ్ అదే సముద్రం మీదుగా ఆవిరి ఓడలో దీవుల యాత్ర సాగించారు. అండమాన్, నికోబార్ దీవులతో పాటు అగ్నిపర్వత దీవులైన బారెన్, నార్కొండం కూడా ఆ యాత్రలో ఉన్నాయి. భూగర్భ సర్వే విభాగానికి చెందిన ఫెర్డినాండ్ స్తొలిచ్కా, వాలెంటైన్ బాల్, కలకత్తా ఇండియన్ మ్యూజియం జంతుశాస్త్రజ్ఞుడు జేమ్స్ వుడ్‌మేసన్ ఆయన వెంట ఉన్నారు. పక్షులు, శిలలు, సముద్రజీవులు తెలిసిన నిపుణులు ఒకే ఓడలో ఒక దీవి నుంచి మరో దీవికి సాగిన ఆ ప్రయాణాన్ని నేటి వన్యప్రాణి విహారనౌకలకు పూర్వరూపంగా భావించవచ్చు. కాకపోతే నాటి యాత్రికుల చేతిలో కెమెరాకు బదులు తుపాకీ ఉండేది.

వీరిలో బాల్‌కు ఛత్తీస్‌గఢ్ ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉంది. మహానది పరీవాహక ప్రాంతపు శిలలను, బొగ్గు నిక్షేపాలను అన్వేషిస్తూ అడవుల్లో ఏళ్ల తరబడి తిరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుడాయన. ఆ తిరుగుడులోనే పక్షులనూ గమనించారు. గంగ నుంచి గోదావరి వరకు గల కొండసీమల పక్షులపై ఆయన రాసిన సుదీర్ఘ వ్యాసాన్ని హ్యూమ్ 1878లో తన పత్రికలో ప్రచురించారు. అండమాన్ అడవుల్లోని ఒక చిన్న గుడ్లగూబ జాతికి హ్యూమ్ పెట్టిన శాస్త్రీయనామంలో బాల్ పేరే చిరస్థాయిగా నిలిచింది.

బారెన్ దీవి పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. దక్షిణాసియాలో సజీవంగా ఉన్న అగ్నిపర్వతం ఇదొక్కటే. 1787లో తొలిసారిగా దీని విస్ఫోటం నమోదైంది. 1832 తర్వాత అది శాంతించింది. హ్యూమ్ బృందం వెళ్లేనాటికి నాలుగు దశాబ్దాలుగా నిద్రాణంగానే ఉంది. మళ్లీ 1991లో మేల్కొని, నాటి నుంచి అప్పుడప్పుడు బూడిద, లావా వెదజల్లుతూనే ఉంది. బాల్ ఈ రెండు దీవుల అగ్నిపర్వతాలపై అదే 1873లో ఒక శాస్త్రీయ వ్యాసం వెలువరించారు.

నార్కొండం స్వభావం వేరు. ఇక్కడి అగ్నిపర్వతం ఎన్నో యుగాల క్రితమే చల్లారింది. దాదాపు ఏడు చదరపు కిలోమీటర్ల వైశాల్యం, 710 మీటర్ల ఎత్తున శిఖరం, సముద్రపు ఒడ్డు నుంచి పైదాకా దట్టమైన అడవి ఈ దీవి స్వరూపం. నరకకుండం అనే సంస్కృత పదమే నార్కొండం అయిందని, మంటలు కక్కే బారెన్‌కు ఉండవలసిన పేరు పొరపాటున పొరుగు దీవికి చేరిందని పూర్వపండితులు కొందరు ఊహించారు. ఆ పచ్చని నరకంలోనే హ్యూమ్‌కు ఒక కొత్త హార్న్‌బిల్ జాతి కనిపించింది. మగపక్షికి తల, మెడ ఎర్రని గోధుమవన్నెలో ఉంటాయి. ఆడపక్షి నిలువెల్లా నలుపు, తోక మాత్రం తెలుపు. ప్రపంచంలో మరెక్కడా లేని ఈ జాతిని 1873లోనే హ్యూమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దీవి పేరే పక్షి పేరయింది.

ఈ పక్షి సంతానోత్పత్తి విధానం ఆశ్చర్యం గొలుపుతుంది. ఆడపక్షి చెట్టు తొర్రలోకి చేరి, సన్నని సందు మాత్రం విడిచి ద్వారాన్ని మూసివేసుకుంటుంది. పిల్లలు ఎదిగేవరకు మగపక్షి పండ్లు తెచ్చి ఆ సందులోంచే అందిస్తుంది. మగపక్షి తిరిగిరాకపోతే లోపల ఉన్న తల్లీబిడ్డల మనుగడే ప్రశ్నార్థకమవుతుంది. మార్చి నెల వాటి గూటికాలంలోనిదే. ఆ రోజుల్లో కొత్త జాతిని నిరూపించాలంటే నమూనా తప్పనిసరి. నమూనా కావాలంటే పక్షి ప్రాణం పోవడమూ తప్పనిసరి. తెలుసుకోవడానికి చంపక తప్పని ఆ పద్ధతి నాటి ప్రకృతిశాస్త్రం మొత్తానికి మూలసూత్రం. హ్యూమ్ దానికి అతీతులు కారు.

దీవుల యాత్రపై హ్యూమ్ రాసిన దాదాపు 300 పుటల నివేదిక 1874లో స్ట్రే ఫెదర్స్‌లో వెలువడింది. సహయాత్రికుడు స్తొలిచ్కా అదే ఏడాది జూన్‌లో, యార్కండ్ యాత్ర నుంచి తిరిగివస్తూ లడఖ్ ఎత్తుల్లో అసువులు బాశారు. హ్యూమ్ 1875లో లక్షద్వీప్‌కు, 1881లో మణిపూర్‌కు వెళ్లారు. ఆ తర్వాత ఆయన పక్షి యాత్రలు ఆగిపోయాయి.

ఉద్యోగ జీవితం ఈలోగా దెబ్బతింది. ప్రభుత్వ వ్యవసాయ విధానాలపై ముక్కుసూటిగా అభిప్రాయాలు చెప్పే అలవాటు పైవారికి నచ్చలేదు. 1879లో ఆయనను కార్యదర్శి పదవి నుంచి తప్పించి అలహాబాద్‌కు పంపారు. 1882లో ఆయన పదవీ విరమణ చేసి సిమ్లాలోని తన భవనం రోత్నీ కాజిల్‌లో స్థిరపడ్డారు. తన పక్షుల ప్రదర్శనశాలను అప్పటికే అక్కడ నిర్మించుకున్నారు.

పెద్ద దెబ్బ తగిలింది అక్కడే. ఒక శీతాకాలం ఆయన సిమ్లాలో లేని సమయంలో, పనివాడొకడు గ్రంథరచన కోసం భద్రపరచిన రాతప్రతులను చిత్తుకాగితాల కింద బజారులో అమ్మివేశాడు. పాతికేళ్ల పరిశీలనల సారం పొట్లాల పాలైంది. భారీ వర్షాలకు కొండచరియలు విరిగి ప్రదర్శనశాల కూడా దెబ్బతింది. సమగ్ర గ్రంథం ఇక సాధ్యం కాదని హ్యూమ్ నిశ్చయించుకున్నారు. 82,000 పక్షి నమూనాలను లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చివేశారు. 1885లో మ్యూజియం ప్రతినిధి రిచర్డ్ బౌడ్లర్ షార్ప్ స్వయంగా సిమ్లాకు వచ్చి, వాటిని పెట్టెల్లో సర్దించి తరలించారు.

అప్పటికే హ్యూమ్ మనసు మారిపోయింది. దివ్యజ్ఞాన సమాజం ప్రభావంతో శాకాహారిగా మారి, పక్షులను చంపడం మానివేశారు. తర్వాత ఆ సమాజానికి దూరమైనా ఆ నియమాన్ని విడిచిపెట్టలేదు. వేల పక్షులను గురిచూసి కొట్టిన వ్యక్తి తుపాకీ దించివేయడం చిన్న మార్పు కాదు. దానిని కేవలం మతవిశ్వాసపు మలుపుగా చూడనవసరం లేదు. ఆ ప్రాణుల జీవనరీతి అంత దగ్గరగా ఎరిగినవారు నాడు బహుకొద్దిమందే.

నమూనాల పెట్టెలు సిమ్లా దాటిన అదే 1885లో, డిసెంబరు 28న బొంబాయిలోని గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులతో కాంగ్రెస్ తొలి సమావేశం ప్రారంభమైంది. అంతకు రెండేళ్ల ముందు, 1883 మార్చిలో, దేశసేవకు ముందుకు రావలసిందిగా కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు హ్యూమ్ బహిరంగలేఖ రాశారు. ప్రతి ప్రాంతంలో నమ్మదగిన వ్యక్తిని గుర్తించడం, ఉత్తరాలతో అనుసంధానించడం, అందరి మాటనూ ఒకచోట చేర్చి అచ్చువేయడం ఆయనకు కొత్త కాదు. పక్షుల కోసం పదేళ్లకు పైగా చేసిన పనినే ఈసారి మనుషుల కోసం చేశారు. ప్రజాగ్రహాన్ని చల్లార్చే ఉపాయంగానే ఆయన కాంగ్రెస్‌ను తలపెట్టారన్న విమర్శపై చరిత్రకారుల్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఉద్దేశం ఏదైనా, ఆ పనితీరు మాత్రం పక్షిశాస్త్రజ్ఞుడిదే.

తొలి సమావేశానికి హాజరైనవారిలో తెలుగువారైన పనప్పాకం ఆనందాచార్యులు ఒకరు. 1891లో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్‌కు ఆయనే అధ్యక్షత వహించి, ఆ పదవిని అధిష్ఠించిన తొలి తెలుగువాడయ్యారు. నాడు రాయ్‌పూర్‌తో కూడిన మధ్యపరగణాలకు నాగపూరే రాజధాని. ఆ సమావేశానికి ప్రధాన కార్యదర్శి హ్యూమ్. ఉప్పు సుంకపు రేఖను ప్రభుత్వం 1879లోనే ఎత్తివేసింది. ఒకప్పుడు తాను కాపలా కాయించిన మధ్యపరగణాల నడిబొడ్డుకు హ్యూమ్ ఈసారి ప్రజాసంస్థ ప్రతినిధిగా వచ్చారు.

1894లో ఆయన భారతదేశాన్ని వీడి ఇంగ్లండ్‌కు తరలివెళ్లారు. అక్కడ వృక్షశాస్త్రంపై దృష్టి మళ్లించి, 1910లో దక్షిణ లండన్ వృక్షశాస్త్ర సంస్థను స్థాపించారు. 1912 జూలై 31న, 83వ ఏట కన్నుమూశారు. భారత తపాలా శాఖ 1973లో ఆయన స్మారకంగా తపాలాబిళ్ల విడుదల చేసింది. అది ఆయన నార్కొండం తీరాన్ని చేరిన శతజయంతి సంవత్సరం కూడా.

నార్కొండం నేడు వన్యప్రాణి అభయారణ్యం. ఒక పోలీసు ఔట్‌పోస్టు తప్ప అక్కడ జనావాసం లేదు. 2012లో ఈ దీవిపై తీరరక్షక దళం ప్రతిపాదించిన రాడార్ కేంద్రానికి హార్న్‌బిల్ మనుగడ దృష్ట్యా పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. దేశభద్రతా కారణాలతో 2014లో ఆ నిర్ణయం మారింది. ఒక చిన్న దీవికే పరిమితమైన జాతికి మరో ఆశ్రయం లేదు. తుపానైనా, వ్యాధియైనా, నిర్మాణమైనా అక్కడ దెబ్బతగిలితే ప్రపంచంలోనే ఆ జాతికి దెబ్బ తగిలినట్లు.

పర్యాటకుల ఓడలు ఇప్పుడు బారెన్ దీవిని చుట్టివస్తున్నాయి. నల్లని లావా వాలును, పొగను ఓడ మీద నుంచే చూడాలి తప్ప ఒడ్డున దిగడానికి వీల్లేదు. కొందరికి ఇది అసంతృప్తి కలిగించవచ్చు. కానీ చంపి తెలుసుకునే దశ నుంచి దూరాన నిలిచి చూసే దశకు మనిషి చేరడానికి ఎంతో కాలం పట్టింది. హ్యూమ్ ఆ రెండు దశలనూ తన ఒక్క జీవితంలోనే అనుభవించారు. ఆయన సేకరించిన పక్షులు నేటికీ ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం అరల్లో పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి. ఆయన పేరుపెట్టిన హార్న్‌బిల్ మాత్రం నార్కొండం చెట్లపై ఇంకా ఎగురుతూనే ఉంది.