అనీబిసెంటు వంశవృక్షము

తెలుగు పల్లెలలో ఇంటింటికి వచ్చి గోత్రములను, తాతముత్తాతల బిరుదములను పాడి వినిపించు పిచ్చుకుంట్లవారిని మన పెద్దలందరు ఎరుగుదురు. నేడు వారిని వంశరాజులని గౌరవముగా పిలుచుచున్నారు. వారి పాటలో ఎంత పేద కాపునకైనను పూర్వుడు వీరుడు కాకపోడు. వినువారు లోలోన నవ్వుకొనుచునే చేటనిండ గింజలు పెట్టి పంపుదురు. అట్టి పాటయే యొకటి, తోలుకాగితముపై గీసిన వంశవృక్షముగా, ఒక ఐరిషు ఇంటిలో చలిమంట పొయ్యికి పైగా గోడమీద వ్రేలాడుచుండెను. ఆ యింటి యజమానురాలు అవివాహిత. బిడ్డలెక్కువై, ఆదాయము తక్కువైన తన తోబుట్టువులయింటినుండి ఎమిలీ మోరిసు అను బాలికను తెచ్చి పెంచుకొనెను. ఎమిలీ అల్లరి చేసినప్పుడెల్ల, ఆ నడత ఫ్రాన్సు దేశపు ఏడుగురు రాజుల సంతతికి తగదని ఆమె మందలించెడిది. ఫ్రాన్సునుండి స్పెయినునకు, అచ్చటినుండి ఐర్లండునకు తరుమబడిన ప్రాచీన రాజులట వారు! పాపము, బాలిక నిజముగనే సిగ్గుపడెడిది. ఆ ఎమిలీయే అనీబిసెంటు తల్లి.

తండ్రి విలియం వుడ్డు. అతని తల్లియు ఐరిషు వనితయే. అతడు డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో వైద్యము చదివి, లండనుకు వచ్చి వర్తక వ్యవహారములలో కుదురుకొనెను. తల్లి వైపున పూర్తిగను, తండ్రి వైపున సగముగను లెక్కించినచో అనీ రక్తములో ముప్పాతిక ఐర్లండుదే. ఆమె పుట్టినది మాత్రము లండనులో, 1847 అక్టోబరు 1న. ఐర్లండు చరిత్రలో ఆ సంవత్సరమునకు నల్లని పేరు కలదు. 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకగా వచ్చిన కరవులో సుమారు పదిలక్షలమంది చనిపోయిరి. అంతేమంది దేశము విడిచిరి. 1851 జనాభా లెక్కలనాటికి ఇంగ్లండు, వేల్సులలో ఐర్లండున పుట్టినవారు సుమారు 5 లక్షల 20 వేలమంది. అనీ తలిదండ్రులు కరవు తరిమినవారు కారు, చదువుకొన్న మధ్యతరగతివారు. అయినను వలసవచ్చిన ఇంటి బిడ్డకు ఇంటివారి మాటలలోనే స్వదేశము పరిచయమగును.

అట్టివారి పూర్వులను వెదకుట సులభము కాదు. తండ్రి తాతల వైపు డెవను రైతులైన వుడ్డు వంశమువారి సంగతి వేరు. వారిలో ఒకడు లండను నగరమునకు మేయరు, మరియొకడు ఇంగ్లండునకు ఛాన్సలరు అయిరి. అట్టి ఇండ్ల కథ దస్త్రములలో నిలుచును. ఐరిషు వారి విషయమున ఆంగ్ల జనాభా గణకులు పుట్టినచోటి గడిలో తరచుగా ఐర్లండు అని మాత్రమే వ్రాసిరి. ఊరెక్కడ? తాలూకా ఎక్కడ? పోనీ ఐర్లండుకే పోయి చూతమన్న, 1821 మొదలు 1851 వరకు జరిగిన లెక్కల పుస్తకములు 1922 జూనులో, అంతర్యుద్ధమున, డబ్లిను దస్త్ర భాండారముతోపాటు చాలవరకు కాలిపోయెను. 1861, 1871 లెక్కలను అంతకుముందే ప్రభుత్వము నాశనము చేసియుండెను. ఇక మిగిలినవి చర్చీలలోని బాప్తిస్మపు పుస్తకములు, భూమి పన్నుకై 1847 తరువాత తయారైన రైతుల జాబితాలు, పెద్దల జ్ఞాపకములు. గోడమీది తోలుకాగితమును చూచి నవ్వుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

1852లో తండ్రి మరణించెను. తల్లి హారో గ్రామమున బడిపిల్లలకు వసతిగృహము నడిపి కుమారుని చదివించెను. అనీని నవలాకారుడు మారియట్టు సోదరి తన యింట ఉంచుకొని చదువు చెప్పెను. ఇరువదియేండ్ల ప్రాయమున ఆమె మాంచెస్టరులో పేదల న్యాయవాదియైన రాబర్ట్సు ఇంట అతిథిగా ఉండెను. 1867 శరత్తు అది. చెరనుండి ఐరిషు నాయకులను విడిపించునపుడు ఒక పోలీసు ఉద్యోగి చనిపోయినందుకు కొందరు ఐరిషు యువకులపై విచారణ జరుగుచుండెను. వారి పక్షమున పనిచేసినవాడు రాబర్ట్సే. అనీ ఆ కుటుంబముతో న్యాయస్థానమునకు పోయి సర్వము కన్నులార చూచెను. నవంబరు 23న ముగ్గురిని ఉరితీసిరి. మరునెలలో ఆమె ఫ్రాంకు బిసెంటు అను మతాచార్యుని పెండ్లాడెను. ఆ పెండ్లి ఆరేండ్లు నిలిచినది. ఆ ఉరికంబము మాత్రము ఆమె మనస్సునుండి తొలగలేదు.

తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. బ్రాడ్లాతో కలిసి నాస్తికోద్యమము, సంతాన నియంత్రణమును గూర్చిన పుస్తకముపై 1877లో విచారణ, 1888లో లండను అగ్గిపెట్టెల కార్మాగారపు బాలికల సమ్మె. ఆ బాలికలలో ఐరిషు సంతతివారు మెండుగా ఉండిరి. 1889లో దివ్యజ్ఞాన మార్గము, 1893లో భారతదేశము, 1898లో కాశీలో హిందూ కళాశాల. ఈ వరుసలో ఒక గాయమును మాత్రము దాటిపోరాదు. 1878లో న్యాయస్థానము, ఆమె నాస్తికురాలనియు, అట్టి పుస్తకము ప్రకటించినదనియు, కూతురు మేబెలును ఆమె ఒడినుండి తీసికొనిపోయి తండ్రికి అప్పగించెను.

1916 సెప్టెంబరులో ఆమె మద్రాసున స్థాపించిన సంస్థకు హోంరూలు లీగు అని పేరు పెట్టెను. ఆ మాట ఐర్లండుది. 1870 తరువాత ఐరిషు నాయకులు స్వపరిపాలనకు వాడిన పేరు. ఆ యేటి ఏప్రిలులోనే డబ్లినులో తిరుగుబాటు జరిగియుండెను. 1917 జూనులో ప్రభుత్వము ఆమెను ఉదకమండలమున నిర్బంధించి, సెప్టెంబరులో విడిచెను. డిసెంబరులో కలకత్తా కాంగ్రెసునకు ఆమె అధ్యక్షురాలయ్యెను. ఆ పీఠముపై కూర్చున్న తొలి మహిళ ఆమెయే. లండనులో పుట్టిన బిడ్డ ముప్పాతిక రక్తమునే పూర్తి దేశముగ ఎంచుకొని, దానినే వేరొక దేశమునకు అరువిచ్చినది. మన మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలసినది. అచ్చటికి ఐరిషు కవి జేమ్సు కజిన్సు, ఆయన భార్య మార్గరెట్టు వచ్చిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అతిథిగా వచ్చినప్పుడు జనగణమనకు స్వరలిపి కూర్చినది ఆ మార్గరెట్టే.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంగతి చెప్పక తీరదు. తల్లి లేని కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందుని 1910లో తండ్రి నారాయణయ్య వ్రాతపూర్వకముగ ఆమె సంరక్షణలో ఉంచెను. ఆమె వారిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. తండ్రి మనసు మారి, బిడ్డలను తిరిగి ఇప్పించుమని 1912లో మద్రాసు న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ఇచ్చట ఆమె ఓడెను. 1914లో ప్రీవీ కౌన్సిలులో గెలిచెను. కూతురును పోగొట్టుకొన్న తల్లి వేరొక తండ్రి కుమారులకై న్యాయవాదమునకు నిలువవచ్చునా? ఆమెపై నాకు గల గౌరవమునకు ఈ యొక్క వ్యవహారము ఇప్పటికిని అడ్డుపడుచుండును. మన పంచాయతీ పెద్దలైనచో ఆ దావాను ఎట్లు తీర్చియుందురో!

ఆ నాటికి ఆమెకు వంశమన్న మాటయే మారిపోయినది. తాను పూర్వజన్మలో రోమున కాల్చబడిన జియార్డనో బ్రూనోనని ఆమె నమ్మెను. వంశవృక్షము తల్లిదండ్రులనుండి గాక జన్మలనుండి పెరుగునని ఆమె తలపు. ఫ్రాన్సు రాజులను నమ్మిన ఇంటిలో పెరిగిన ఎమిలీ బిడ్డకు ఈ లెక్క వింతగా తోచియుండదు. ఆమె కడుపున పుట్టిన ఇద్దరును, డిగ్బీయు మేబెలును, యుక్తవయస్సు వచ్చిన పిదప తమంతట తామే ఆమెను వెదకికొని వచ్చిరి. 1933 సెప్టెంబరు 20న ఆమె అడయారులో కన్నుమూసెను.