డాప్లరు

వృద్ధులు ఒంటరిగా నివసించు ఇండ్లలో నేడు చిన్న రాడారు పరికరములను అమర్చుచున్నారు. దేహమును తాకకయే, ఛాయాచిత్రమును తీయకయే, గదిలోని మనుష్యుని కదలికను అవి కనిపెట్టగలవు. వానికి ఆధారమైన సూత్రమును లోకమునకు తెలిపినవాడు ఆస్ట్రియా దేశీయుడగు క్రిస్టియన్ డాప్లరు.

డాప్లరు 1803వ సంవత్సరము నవంబరు 29వ తేదీన సాల్జుబర్గు నగరమున జన్మించెను. అతని కులవృత్తి రాతిపని. కాని బాల్యమునుండియు దుర్బలుడగుటచే అతడు సుత్తి పట్టజాలకపోయెను. అందుచే తండ్రి అతనిని చదువునకు పంపెను. గణితమున ప్రవీణుడైనను డాప్లరునకు తగిన ఉద్యోగము లభింపలేదు. కొంతకాలము నూలుమిల్లులో లెక్కలు వ్రాసి పొట్టపోసికొనెను. తుదకు అమెరికాకు వలసపోదలచి, తన సామానులను అమ్మివేసెను. ఇంతలో 1835లో ప్రేగు నగరమున ఉపాధ్యాయపదవి లభించుటచే ఆ ప్రయాణము మానుకొనెను.

1842 మే 25వ తేదీన డాప్లరు ప్రేగు శాస్త్రసభలో ఒక వ్యాసమును చదివెను. తరంగములను వెలువరించు వస్తువు మనవైపు వచ్చుచున్నచో అవి త్వరత్వరగా మనలను చేరును. దూరమగుచున్నచో ఎడమెడముగా చేరును. ఇదియే అతని సూత్రము. సమీపించు రైలు కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోయిన రైలు కూత తగ్గు స్థాయిలోను వినిపించుటకు ఇదియే కారణము. నక్షత్రముల రంగులకు గూడ ఇదే హేతువని తలచుట మాత్రము అతని పొరపాటు. హాలండులో బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు 1845లో రైలుబండిపై వాద్యకారులచే బాకాలు ఊదించి, దారిప్రక్కన సంగీతజ్ఞులను నిలిపి పరీక్షించెను. ధ్వని విషయమున సూత్రము సత్యమని తేలెను.

1850లో డాప్లరు వియన్నా భౌతికశాస్త్ర సంస్థకు ప్రథమాధ్యక్షుడయ్యెను. కాని 1852లో పెట్జ్వాల్ అను గణితపండితుడు ఆ సూత్రమును సభాముఖమున ఖండించెను. అప్పటికే ఊపిరితిత్తుల వ్యాధి డాప్లరును క్రుంగదీసియుండెను. ఆరోగ్యము కొరకు అతడు వెనిసు నగరమునకు పోయెను. అచ్చటనే 1853 మార్చి 17వ తేదీన, నలువదితొమ్మిదేండ్ల వయస్సున, కన్నుమూసెను.

ఖండనలు మరుగుపడినవి, సూత్రము నిలిచినది. గదిలోని రాడారు పంపిన రేడియో తరంగములు మనుష్యుని తాకి మరలివచ్చును. అతడు కదలినచో వాని పౌనఃపున్యము స్వల్పముగా మారును. ఆ మార్పును బట్టి అతడు నడచుచున్నాడో, పడిపోయెనో ఆ యంత్రము గ్రహించును. నిద్రించువాని రొమ్ము కొలది మిల్లీమీటర్లు పైకి లేచి దిగుటను గూడ అది గుర్తింపగలదు. ఊపిరితిత్తుల వ్యాధిచే మరణించిన మహనీయుని సూత్రము నేడు పరుల ఊపిరిని రేయెల్ల కనిపెట్టుకొనియున్నది.