నత్తి ఉన్న రాజుగారు

మన ఊళ్లలో అవ్వల మెడలో పాత రూపాయల దండ చూసే ఉంటారు. వాటిలో కొన్నింటి మీద కిరీటం పెట్టుకున్న ఆరో జార్జి బొమ్మ ఉంటుంది. 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇంగ్లండు రాజు ఆయనే. అంత పెద్ద రాజుకి నత్తి ఉండేదంటే నమ్ముతారా?

ఆయన 1895 డిసెంబరు 14న పుట్టాడు. ముత్తాత చనిపోయిన తేదీ కూడా అదే. అందుకని ముత్తవ్వ విక్టోరియా రాణి బాధపడకుండా ముత్తాత పేరే ఆల్బర్ట్ అని పెట్టారు. ఇంట్లో బెర్టీ అనేవాళ్లు.

రాజుగారి ఇల్లు కదా, ఏం లోటు అనుకుంటాం. కాని పిల్లలు ఆయాల దగ్గరే పెరిగారు. అమ్మానాన్నల దగ్గరికి సాయంత్రం కాసేపు పంపేవాళ్లు. ఆయా ఒకామె అన్నని ముద్దుచేసి బెర్టీకి సరిగా తిండి పెట్టలేదని, అందుకే కడుపునొప్పి పట్టుకుందని చెబుతారు. ఇతనిది ఎడమచేతి వాటం. బలవంతంగా కుడిచేత్తో రాయించారు. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయని కాళ్లకి బద్దలు కట్టి గంటల తరబడి ఉంచారు. పెద్దల పుట్టినరోజులొస్తే పద్యాలు కంఠతా పట్టి అందరి ముందు అప్పజెప్పాలి. ఏడెనిమిదేళ్లకి నత్తి బయటపడింది. నాన్న నౌకాదళంలో పనిచేసిన మనిషి, మహా కోపిష్ఠి. మాట ఆగితే తొందరగా చెప్పమని కసిరేవాడు. కసిరేకొద్దీ ఇంకా ఆగిపోయేది. అన్నదమ్ములు వెక్కిరించేవాళ్లు.

ఒక మాట చెప్పాలి. నత్తి భయం వల్లే పుడుతుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. మెదడులో మాట తయారయ్యే తీరులోనే తేడా ఉంటుందని, కొన్ని కుటుంబాల్లో వంశంలోనే వస్తుందని ఇప్పటి డాక్టర్లు చెబుతున్నారు. తిట్లు, వెక్కిరింతలు దాన్ని పెంచుతాయి, అంతే. ఎడమచెయ్యి మార్చడం వల్లే వచ్చిందని కూడా రుజువు కాలేదు.

1909లో నౌకాదళ బడిలో వేశారు. లెక్కల అయ్యవారు సగంలో సగం ఎంత అని అడిగితే జవాబు తెలిసి కూడా బెర్టీ మాట్లాడలేదు. పావుకి ఇంగ్లీషులో క్వార్టర్ అనాలి, ఆ క అక్షరమే అతనికి రాదు. మొద్దు అనుకున్నారు! చివరి పరీక్షలో 68 మందిలో 68వ వాడు.

1923లో ఎలిజబెత్‌తో పెళ్లయింది. 1925 అక్టోబరు 31న వెంబ్లీ ఎగ్జిబిషన్‌లో ప్రసంగం మధ్యలో మాట పడక నిలబడిపోతే జనమంతా చూశారు. మరుసటి ఏడాది లయోనెల్ లాగ్ అనే ఆస్ట్రేలియా ఆయన దగ్గరికి వెళ్లాడు. లాగ్ డాక్టరు చదవలేదు, మాట పోయిన సైనికులకి మాట నేర్పినవాడు. ఊపిరి నిదానంగా తీయించాడు, కిటికీ తీసి అచ్చులు గట్టిగా పలికించాడు. ముఖ్యంగా కసరలేదు. భార్య కూడా వెంట వెళ్లి నేర్చుకుని ఇంట్లో సాధన చేయించేది. 1927 మే నెలలో ఆస్ట్రేలియా పార్లమెంటు భవనం తెరిచినప్పుడు ప్రసంగం బాగానే జరిగింది.

1936లో అన్న గద్దె వదిలేస్తే ఇతనే రాజయ్యాడు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం సంగతి రేడియోలో చెప్పేటప్పుడు లాగ్ ఎదురుగా నిలబడ్డాడు. నత్తి పూర్తిగా పోలేదు, మాటకి మాటకి మధ్య ఆగేవాడు. 1944 క్రిస్మస్‌కి మాత్రం లాగ్‌ని ఇంట్లోనే ఉండమని, ఒక్కడే మాట్లాడాడు. లాగ్ తన ఇంట్లో రేడియో దగ్గర కూర్చుని విన్నాడు. రాజుగారు 1952 ఫిబ్రవరి 6న చనిపోయారు.