మూడవ సాలార్‌జంగ్

నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు రాజ్య ప్రధానమంత్రిగా పనిచేసిన ప్రముఖుడు, కళాఖండాల సేకర్త. మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న వస్తువులలో అధికభాగం ఈయన సేకరించినవే.

బాల్యం

యూసుఫ్ అలీ ఖాన్ పూణేలో జన్మించాడు. తాత మొదటి సాలార్‌జంగ్ 1883లోనే మరణించాడు. తండ్రి రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయక్ అలీ ఖాన్, కుమారునికి నెల నిండకముందే కన్నుమూశాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఈ బాలుని సంరక్షణ బాధ్యతను స్వీకరించాడు.

పదవి

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈయనను ప్రధానమంత్రిగా నియమించాడు. అప్పటికి ఈయన వయస్సు 23 సంవత్సరాలు. 1914లో పదవి నుండి వైదొలగాడు. ఆ తరువాత 1919 వరకు నిజాం స్వయంగా పాలన సాగించాడు.

కళాసేకరణ

పదవిని వీడిన తరువాత సుమారు 35 సంవత్సరాలు తన కాలాన్ని, ఎస్టేటు ఆదాయంలో పెద్దభాగాన్ని సేకరణకే వెచ్చించాడు. సేకరణకు పునాది ఇంటిలోనే ఉంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని తాతగారు 1876లో ఇటలీలో కొన్నాడు. మనుమడు దానికి ఐరోపా చిత్రాలు, గడియారాలు, చైనా పింగాణి, పారశీక తివాచీలు, ఆయుధాలు, అరబ్బీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులు చేర్చాడు. ఇవన్నీ చార్మినారు సమీపంలోని కుటుంబ నివాసం దివాన్ దేవిడిలో ఉండేవి.

మరణానంతరం

యూసుఫ్ అలీ ఖాన్ అవివాహితుడు. ప్రత్యక్ష వారసులు లేకుండా మరణించడంతో ఆస్తి బంధువుల మధ్య పంపకమై, సేకరణ చెల్లాచెదురయ్యే ప్రమాదం ఏర్పడింది. ప్రభుత్వం ఎస్టేటు నిర్వహణకు ఒక కమిటీని నియమించింది. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహాయంతో వస్తువులను దివాన్ దేవిడిలోనే ప్రదర్శనకు అమర్చారు. 1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియంను ప్రారంభించాడు. ఒక నవాబు నివాసంలోని గదులు ఆనాటి నుండి సామాన్య ప్రజలకు తెరుచుకున్నాయి.

1958లో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీతో సేకరణ భారత ప్రభుత్వానికి సంక్రమించింది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా మ్యూజియం జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. 1968లో మూసీ నది దక్షిణపు ఒడ్డున నిర్మించిన కొత్త భవనానికి మారింది.

సేకరణ నిలిచింది కాని దానిని కాపాడిన దేవిడి నిలువలేదు. కాలక్రమంలో భవనాలను కూల్చివేయగా, ప్రవేశద్వారాల వంటి కొన్ని ఆనవాళ్ళు మాత్రమే మిగిలాయి.