కమిషన్ దగ్గర తడబడిన బారిష్టరు

బొంబాయి చిన్న దావాల కోర్టులో మమీబాయి అనే ఆమె తరఫు కేసు మోహన్‌దాస్ గాంధీకి బోణీ కేసు. 1891 జూన్‌లో లండన్‌లో బారిష్టరు పట్టా పుచ్చుకొని వచ్చిన ఆయనకు అప్పుడు నిండా పాతికేళ్ళు లేవు. కేసు తెచ్చిన దళారికి ఫీజులో కమిషన్ ఇవ్వాలన్నారు. ఇవ్వనన్నారు గాంధీ. నెలకు మూడు నాలుగు వేలు గడించే పేరుమోసిన క్రిమినల్ లాయరే ఇస్తున్నాడని నచ్చజెప్పబోయారు. తన తండ్రికే అంతకు మించి రాలేదు, తనకు నెలకు మూడు వందలు చాలునన్నారాయన.

కమిషన్ లేకుండానే కేసు దక్కింది. ఫీజు 30 రూపాయలు. తీరా ప్రతిపక్షం సాక్షులను ప్రశ్నించడానికి లేస్తే కాళ్ళు వణికాయి, నోరు పెగల్లేదు. ఫీజు వాపసు చేసి మరో వకీలును పెట్టుకోమన్నారు. ఆ వకీలు 51 రూపాయలు తీసుకున్నాడు.

బొంబాయిలో ఖర్చులకు తట్టుకోలేక ఆయన రాజకోట చేరారు. అర్జీలు రాసిపెడితే నెలకు సుమారు 300 వచ్చేవి. అయితే అక్కడ కమిషన్ ముట్టవలసింది దళారికి కాదు, కేసు అప్పగించే వకీలుకు. అన్నగారు మరో వకీలుతో భాగస్వామి. తమ్ముడి సంపాదన ఎలాగూ ఉమ్మడి ఇంట్లోకే వస్తుంది, మరి భాగస్వామి మాటేమిటి, అదే కేసు ఇంకో బారిష్టరుకు ఇస్తే అతనికి వాటా దక్కేది గదా అన్నది అన్నగారి వాదన. గాంధీ లొంగిపోయారు. తనను తాను మోసగించుకొన్నానని తర్వాత ఆత్మకథలో ఆయనే ఒప్పుకొన్నారు.

వాటా సాటి వకీలుకు ముడితే ఒక తీరు. పోలీసు స్టేషనుకు ముడితే వేరే సంగతి. అరెస్టయిన వాడి తాలూకు మనుషులు కంగారుపడుతుంటే ఫలానా ప్లీడరును చూడమని కానిస్టేబులు పంపాడనుకుందాం. రేపు ఆ కానిస్టేబులే సాక్షిగా బోనెక్కితే నిలదీయవలసింది ఆ ప్లీడరే. గట్టిగా అడిగితే ఎల్లుండి నుంచి పార్టీలు రారు. మెత్తగా అడిగితే ముద్దాయి జైలుకు పోతాడు. స్వయంగా గాని, దళారుల ద్వారా గాని కేసులు రాబట్టుకోరాదని భారత బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. కోర్టులు దళారుల జాబితా ప్రకటించవచ్చునని, అలాంటి వారికి మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా వేయవచ్చునని 2023 నాటి సవరణ చట్టం అంటున్నది. ఈ రోజుల్లో 500 రూపాయలు ఏ దళారిని భయపెడతాయో!

రాజకోటలోనే గాంధీకి మరో దెబ్బ తగిలింది. అన్నగారిపై వచ్చిన ఒక ఆరోపణ విషయమై తెల్ల పొలిటికల్ ఏజెంటు దగ్గరకు వెళ్ళారు. లండన్‌లో ఉన్నప్పటి కొద్దిపాటి పరిచయమే ఆధారం. దొర వినలేదు సరికదా, బంట్రోతు చేత బయటికి గెంటించాడు. దావా వేస్తానన్న గాంధీని అవమానం దిగమింగమని ఫిరోజ్‌షా మెహతా కబురు చేశారు. పరిచయాన్ని అలా వాడుకోబోనని గాంధీ ఆనాడే నిశ్చయించుకొన్నారు. 1893లో దాదా అబ్దుల్లా కంపెనీ పనిమీద దక్షిణాఫ్రికాకు ఓడ ఎక్కారు.

పోలీసులతో ఆయనకు పని తగిలింది జోహాన్నెస్‌బర్గ్‌లో. 1903లో అక్కడ ఆఫీసు పెట్టారు. ఆసియావాసుల శాఖలోని అధికారులు హక్కులేని వారి దగ్గర నూరేసి పౌన్లు గుంజి దేశంలోకి వదులుతున్నారని, హక్కున్నవారిని ఆపేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి. గాంధీ సాక్ష్యం పోగుచేసి పోలీసు కమిషనరు ముందు పెట్టారు. ఆయన సాక్షులను స్వయంగా విచారించి ఇద్దరు అధికారులపై వారంట్లు తెప్పించాడు. ఒకడు పరారైతే పట్టి తెప్పించాడు. తెల్లవారి జ్యూరీ ఇద్దరినీ విడిచిపెట్టింది. కేసు ఓడినా ఉద్యోగాలు మాత్రం ఊడాయి.

కొన్నాళ్ళకు ఆ ఇద్దరూ నగరసభలో కొలువు కోసం ప్రయత్నిస్తూ, అడ్డుపడవద్దని కబురంపారు. గాంధీ అడ్డుపడలేదు. వారికి కొలువులు దొరికాయి.

1922 మార్చిలో రాజద్రోహ నేరానికి ఆయనకు ఆరేళ్ళ శిక్ష పడింది. అదే ఏడాది లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ బారిష్టర్ల జాబితా నుంచి ఆయన పేరు కొట్టివేసింది. తిరిగి చేర్చింది 1988లో, ఆయన కన్నుమూసిన నలభై ఏళ్ళకు.