రొమ్ము క్యాన్సర్ కీమో వెనుక మన భీమవరం డాక్టర్.. యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇదీ!

జహీరాబాద్: ఇక్కడి నుంచి ముంబై హైవే మీదుగా హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్లే రొమ్ము క్యాన్సర్ పేషెంట్లకు కీమో అనే మాట కొత్త కాదు. కానీ ఆ కీమోకు మొదట దారి వేసినవాళ్లలో ఓ తెలుగాయన ఉన్నారని ఎంతమందికి తెలుసు? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములను బలి తీసుకుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు బ్రిటిష్ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1922లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. అయినా అక్కడ పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

విటమిన్‌కు నకిలీ!

లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. కణం రెండుగా చీలాలంటే ఈ విటమిన్ కావాలి. దానికి నకిలీ లాంటి మందు ఇస్తే క్యాన్సర్ కణం మోసపోయి ఆగిపోతుంది. అలా వచ్చినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందికి కొంతకాలం తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. మళ్లీ ఇండియా గడ్డ తొక్కనే లేదు.

మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ మీద కూడా పనిచేస్తుందని 1951లో డాక్టర్ జేన్ రైట్ బృందం చూపించింది.

కాపలాదారే దొంగతో కలిస్తే?

ఈ మందు వేగంగా పెరిగే కణాలన్నింటినీ దెబ్బతీస్తుంది. అందులో మనల్ని కాపాడే ఇమ్యూన్ కణాలు కూడా ఉంటాయి. అయితే ఆ కణాలన్నీ మన పక్షాన ఉండవని తర్వాతి పరిశోధనల్లో తేలింది. టీ కణాలు, ఎన్‌కే కణాలు రొమ్ము గడ్డ మీద దాడి చేస్తాయి. మాక్రోఫేజ్‌లు మాత్రం గడ్డలోకి చేరాక చాలాసార్లు ప్లేటు ఫిరాయిస్తాయి. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరిగేలా చేస్తాయి, టీ కణాలను అడ్డుకుంటాయి. అందుకే ఇప్పుడు టీ కణాలకు పడిన బ్రేకులు తీసే ఇమ్యూనోథెరపీని కొన్ని ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్లలో కీమోతో కలిపి ఇస్తున్నారు.

ఇవి మర్చిపోవద్దు

కీమో సమయంలో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రొమ్ములో గడ్డ తగిలితే, నొప్పి లేదు కదా అని వదిలేయొద్దు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. సుబ్బారావు లాంటివాళ్లు జీవితం ధారపోసి తెచ్చిన మందులు బాగా పనిచేయాలంటే, మనం టైమ్‌కు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.