బాలనటి నుండి కళాచార్యురాలి వరకు: టంగుటూరి సూర్యకుమారి జీవితము

బాల్యంలో లభించిన కీర్తి చాలామందికి బాల్యంతోనే ముగిసిపోతుంది. వెండితెరపై ముద్దుపలుకులతో జనాన్ని అలరించిన పసివాడు మీసకట్టు వచ్చేసరికి ఎవరికీ పట్టనివాడవుతాడు. మైసూరు సంస్థానంలో మావటి కుమారునిగా పుట్టిన సాబూ 1937లో వచ్చిన ‘ఎలిఫెంట్ బాయ్’ చిత్రంతో లోకప్రసిద్ధుడై హాలీవుడ్ చేరాడు. యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో పనిచేసి పతకం పొందాడు. తిరిగి వచ్చాక మునుపటి స్థాయి వేషాలు దక్కలేదు. 1963లో ముప్పైతొమ్మిదవ ఏటనే మరణించాడు. అదే హాలీవుడ్‌లో బాలతారగా వెలిగిన షెర్లీ టెంపుల్ 1950లో చిత్రసీమను విడిచి, తరువాత ఘనా, చెకొస్లొవేకియా దేశాలలో తన దేశానికి రాయబారిగా పనిచేసింది. ఒకే ద్వారం గుండా వెలుపలికి వచ్చిన ఇద్దరి జీవితాలు ఇంత భిన్నంగా సాగాయి. మన తెలుగునాట ఇటువంటి దారిలో నడిచి, తన దారిని తానే వేసుకున్న కళాకారిణి టంగుటూరి సూర్యకుమారి గారు. ఆమె జీవితాన్ని మా సహవిద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

సూర్యకుమారి గారు 1925 నవంబరు 13న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారికి ఆమె సోదరుని కుమార్తె. పన్నెండేళ్లు నిండీ నిండకముందే, 1937లో, ‘విప్రనారాయణ’ చిత్రంతో తెరపైకి వచ్చారు. అది తెలుగు టాకీ తొలినాళ్ల కాలము. నేపథ్యగానం ఇంకా స్థిరపడలేదు. ఎవరి పాట వారే పాడుకోవలసి ఉండేది. అందుచేత రూపం, నటన, గాత్రం మూడూ ఒక్కచోట కుదిరిన పిల్ల నిర్మాతలకు దొరకని నిధి వంటిది.

గూడవల్లి రామబ్రహ్మం గారు 1939లో తీసిన ‘రైతుబిడ్డ’లో ఆమె నటించారు. రైతుల కడగండ్లను చూపిన ఆ చిత్రం జమీందారుల ఆగ్రహానికి, కొన్ని ప్రాంతాలలో నిషేధానికి గురైంది. నిజాంసాగరు కాలువల కింద చెరకు, వరి పండించే వర్ని, బోధన్ ప్రాంతాల రైతు కుటుంబాల పిల్లలకు ఆ చిత్రకథ పరాయిది కాదు. 1941లో బి.ఎన్. రెడ్డి గారి ‘దేవత’లో నాగయ్య గారితో కలసి నటించారు. శంకరంబాడి సుందరాచారి గారు రచించిన తెలుగుతల్లి గీతాన్ని గ్రామఫోను రికార్డుకు పాడినదీ ఆమెయే. ఆ గీతం తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది. 2014కు పూర్వం మన జిల్లా కూడా ఆ రాష్ట్రంలోనిదే కనుక మన పెద్దలకు అది సుపరిచితము. గీతం ఎరిగినవారిలో గాయని పేరు ఎరిగినవారు ఎందరు?

1952లో అమెరికా వెళ్లిన భారతీయ చలనచిత్ర ప్రతినిధి వర్గంలో నర్గీస్, రాజ్ కపూర్ ప్రభృతులతో పాటు సూర్యకుమారి గారు కూడా ఉన్నారు. హాలీవుడ్‌ను కళ్లారా చూశారు. 1955లో విడుదలైన ‘ఉడన్ ఖటోలా’లో దిలీప్ కుమార్, నిమ్మీల సరసన రాణి పాత్ర ధరించారు. నౌషాద్ సంగీతం, షకీల్ బదాయూనీ గీతాలు గల ఆ చిత్రాన్ని మన ఉర్దూ మిత్రులకు పరిచయం చేయనక్కరలేదు. తెలుగు ఇంట పుట్టిన బాలిక ఉర్దూ మాధుర్యం నిండిన చిత్రంలో రాణిగా నిలిచిందంటే, రెండు భాషలూ వినిపించే మన కళాశాలకు అది సంతోషకరమైన విషయమే.

అంతటితో ఆగినా ఆమె పేరు సినీ చరిత్రలో నిలిచేది. కాని ఆమె ఆగలేదు. 1961లో న్యూయార్కు నగరంలోని జాన్ హస్ హౌస్ అనే చిన్న రంగశాలలో రవీంద్రుని ‘రాజా’ నాటకం ఆంగ్లరూపంలో ప్రదర్శితమైంది. ఆ కథలో రాజు చీకటి గదిలోనే ఉంటాడు. రాణి సుదర్శన అతనిని వెలుగులో చూడాలని పట్టుపట్టి, కపటరాజు రూపానికి మోసపోయి, అహంకారం నశించిన పిమ్మట నిజమైన రాజును తెలుసుకుంటుంది. సుదర్శన పాత్రను సూర్యకుమారి గారు పోషించారు. అందుకు ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం లభించింది. వేలాది ప్రేక్షకుల సినిమాను చూసిన నటి, కొద్దిమంది కూర్చునే రంగశాలలో, తన మాతృభాష కాని భాషలో, మళ్లీ మొదటినుండి పేరు సంపాదించుకొనవలసి వచ్చింది. ఇది సామాన్యమైన సాహసం కాదని మా అభిప్రాయము.

1965లో ఆమె లండన్ చేరి అక్కడే స్థిరపడ్డారు. ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ అనే సంస్థను నెలకొల్పి, భారతీయ సంగీత నృత్యాలను నేర్పారు, ప్రదర్శనలిచ్చారు. చిత్రకారుడు, రచయిత అయిన హెరాల్డ్ ఎల్విన్ గారిని వివాహమాడారు. 2005 ఏప్రిల్ 25న లండన్‌లోనే కన్నుమూశారు. సినిమాలో గడిపినవి రెండు దశాబ్దాల లోపు. లండన్‌లో విద్య నేర్పుతూ, పాడుతూ గడిపినవి నాలుగు దశాబ్దాలు. కీర్తి మొదటి భాగానిదే కావచ్చు, శ్రమ మాత్రం రెండవ భాగానిదే ఎక్కువ.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినదేమి? ప్రతిభ పసితనంలో దొరికిన వరమే అయినా, సాధన లేనిదే అది పెద్దతనానికి తోడు రాదు. సూర్యకుమారి గారిని నిలబెట్టినది బాలనటి అన్న పేరు కాదు, పాటను విడువని పట్టుదల. మన పల్లెల పాఠశాలలలో వార్షికోత్సవ వేదికలపై చప్పట్లు అందుకున్న బాలబాలికలు ఎందరో ఉంటారు. పై తరగతులకు వచ్చాక, ముఖ్యంగా ఆడపిల్లలు, పాటను, నాటకాన్ని పక్కన పెట్టేయడం మనం చూస్తూనే ఉన్నాము. ఆ గొంతులు ఏమైపోయాయని అడిగేవారు లేరు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. సంగీత నాటకాలు వార్షికోత్సవపు ఒక్క సాయంకాలానికి పరిమితం కాకూడదు. వారానికి ఒక్క గంటయినా వాటి సాధనకు కేటాయించాలి. గజల్ పాడగలవారూ, పద్యం చదవగలవారూ ఒకే గదిలో కూర్చుని ఒకరినుండి ఒకరు నేర్చుకుంటే, అంతకు మించిన నివాళి ఆ కళాకారిణికి మనం అర్పించలేము.